భ్రాంతిద్రవ్యములు – మానసిక వైద్యము

2023 జూలై 1వ తేదీ మొదలుకొని ఆస్ట్రేలియా ప్రభుత్వమువారు సైలోసైబిన్, ఎం.డి.ఎం.ఏ. అను రెండు ద్రవ్యములను, అనుజ్ఞ పొందిన మానసిక వైద్యులు కొందరు రోగులకు ఇయ్యవచ్చునని సమ్మతించిరి. మొదటిది ఇతర మందులకు లొంగని విషాదవ్యాధికి. రెండవది యుద్ధము, అత్యాచారము మున్నగు ఘోరానుభవములచే చెదరిన మనస్సులకు. ఏడాది తిరిగిన పిమ్మట, 2024 ఆగస్టులో, అమెరికా ఆహారౌషధ నియంత్రణ సంస్థవారు ఆ రెండవ మందునే చాలినంత నిదర్శనము లేదని త్రోసిపుచ్చిరి. మన దేశమున ఈ రెండును 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద దండనకు గురిచేయు వస్తువులు. ఈ వైరుధ్యమును చూచి యిది పాశ్చాత్యుల వేలంవెర్రి యని నవ్వి యూరకుండువారు కొందరు. మన ఋషుల సోమమే తిరిగి వచ్చినదని పొంగువారు కొందరు. ఇరువురును తొందరపడుచున్నారని మా యభిప్రాయము.

సోమలత యేదియో పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. అది యొక పుట్టగొడుగని గార్డన్ వాసన్ అను అమెరికను 1968లో గ్రంథము వ్రాయగా సంస్కృతజ్ఞులు పలువురు అంగీకరింపలేదు. వేదము పేరు చెప్పి రోగిచేత మాత్ర మ్రింగించుట వైద్యమును గాదు, వేదభక్తియు గాదు. మన పెద్దలు ఇట్టి వస్తువులయెడ ఎంత జాగరూకులై యుండిరో తెలిసికొనుటకు ఉమ్మెత్త చాలును. అమరకోశమున దానికి 'ఉన్మత్త' మని పేరు. మన తెలుగు మాటయు దానికి చుట్టమే. వెర్రి పుట్టించునని పేరులోనే హెచ్చరించి, శుద్ధిచేసి స్వల్పమాత్రలో మాత్రమే వైద్యమున వాడిరి. అయితే ఉమ్మెత్త వేరు, నేడు చర్చలోనున్న ద్రవ్యములు వేరు. అది తెలివి తప్పించి ప్రాణము మీదికి తెచ్చు విషము. ఇవి శరీరమును అంతగా బాధింపక మనస్సును పట్టునవి.

ఎంత స్వల్పమాత్ర మనస్సును పట్టునో 1943 ఏప్రిల్ 19న స్విట్జర్లాండులోని బాసెలు నగరమున తెలిసినది. ఆల్బర్ట్ హాఫ్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తాను ఐదేండ్ల క్రిందట తయారుచేసిన ఎల్.ఎస్.డి.ని మిల్లీగ్రాములో నాల్గవవంతు మాత్రమే పుచ్చుకొనెను. సైకిలుపై యిల్లు చేరునప్పటికి లోకమంతయు రూపుమారెను. పాలు తెచ్చి యిచ్చిన పొరుగింటి యామె మంత్రగత్తెవలె తోచెను. తనకు మతి చలించినదని భయపడెను. వైద్యుడు వచ్చి చూడగా కంటిపాపలు విప్పారియుండుట తప్ప వేరు వికారము కానరాలేదు. మరునాటి యుదయమునకు స్వస్థుడయ్యెను. మెదడులో సెరొటోనిన్ అను రసము తాకు స్థానములలో నొకదానిని ఈ ద్రవ్యములు కదలించి, మనస్సు ఎన్నడో గట్టిపరచుకొన్న అలవాట్లను కొంతసేపు సడలించునని నేటి శాస్త్రజ్ఞుల యూహ. ఆ సడలుటయే దీని గుణము, ఆ సడలుటయే దీని యపాయము. సడలిన మనస్సు పక్కనున్నవాడు ఎటు త్రిప్పిన అటు తిరుగును.

ఈ సంగతి వైద్యులకంటె ముందు గూఢచారులు గ్రహించిరి. అమెరికా గూఢచారి శాఖవారు 1953లో 'ఎం.కె. అల్ట్రా' యను రహస్య ప్రయత్నము ప్రారంభించి, ఎల్.ఎస్.డి.ని మనుష్యులపై వారికి తెలియకుండ ప్రయోగించిరి. ఆ యేడే ఫ్రాంక్ ఓల్సన్ అను శాస్త్రజ్ఞునికి పానీయములో కలిపి యిచ్చిరి. తొమ్మిది దినములకు అతడు న్యూయార్కులో హోటలు కిటికీనుండి క్రిందపడి మరణించెను. మందు కలిపిన సంగతి కుటుంబమువారికి 1975 వరకు తెలియలేదు. స్వేచ్ఛను గురించి లోకమునకు పాఠములు చెప్పు ప్రభుత్వము చేసిన పని యిది! ఇంతలో ఆ ద్రవ్యము వీధులకెక్కినది. 1970లో అమెరికా, 1971లో వియన్నా ఒడంబడిక దానిని నిషేధించినవి. గూఢచారుల పాపము, వీధుల యుచ్ఛృంఖలత్వము రెండును కలిసి, త్రాగుబోతుల చికిత్సకై కెనడాలో వైద్యులు సల్పుచుండిన పరిశోధనను గూడ ముప్పదియేండ్లకు పైగా మూలబెట్టినవి.

ఇప్పుడది తిరిగి లేచినది. 2022లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఇతర మందులు పనిచేయని 233 మంది విషాదరోగులకు సైలోసైబిన్ ఒక్కమారు ఇచ్చి చూచిరి. 25 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారిలో మూడు వారములకు నూటికి 37 మందికి వ్యాధి సగమైనను తగ్గెను. పేరునకు ఒక్క మిల్లీగ్రాము ఇచ్చినవారిలో 18 మందికి. పండ్రెండు వారములు ఆ మేలు నిలిచినది నూటికి 20 మందికి; రెండవవారిలో 10 మందికి. అదే యేట త్రాగుడు వ్యసనమున్నవారిపై జరిపిన పరీక్షలో, ఈ మందు పుచ్చుకొన్నవారు అతిగా త్రాగిన దినములు నూటికి పదికి లోబడగా, తక్కినవారివి ఇరువది నాలుగుకు చేరువ. ఏండ్ల తరబడి మందులు మ్రింగి విసిగినవారికి ఇది చిన్న యాశ గాదు. అమృతమును గాదు. వాడుకలోనున్న ఎస్సిటాలోప్రామ్ మాత్రతో 59 మందిపై పోల్చిన 2021 నాటి పరీక్షలో, ముందుగా నిర్ణయించుకొన్న ప్రధాన కొలమానమున రెంటికిని చెప్పదగిన భేదము కనబడలేదు.

ఇంకొక చిక్కు కలదు. మందుల పరీక్షలో సగము మందికి ఉత్తిమాత్ర ఇత్తురు. ఎవరికేది యిచ్చిరో రోగికిని వైద్యునికిని తెలియరాదు. భ్రాంతిద్రవ్యము పుచ్చుకొన్నవానికి గంటలో తెలిసిపోవును. పుచ్చుకొననివానికి తాను మోసపోతినని తెలియును. ఒకనికి ఆశ, ఇంకొకనికి నిరాశ. కుదిరిన దానిలో మందు పాలెంత, నమ్మకము పాలెంత? 2024లో అమెరికా సంస్థవారి యాక్షేపణలలో ఇదియొకటి. అంతకంటె బాధాకరమైన విషయము, కెనడాలో జరిగిన యొక పరీక్షలో చికిత్సకులే రోగిణియెడ అనుచితముగా ప్రవర్తించుట. ఆ ఘటన కారణముగా 2024లో ఒక శాస్త్రపత్రిక మూడు వ్యాసములను ఉపసంహరించుకొనెను. సడలిన మనస్సును ఎవరి చేతిలో బెట్టుచున్నామను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము అక్కరలేదు.

ఇంటిలో చాటుగా పుచ్చుకొను యువకులకు మేము సూటిగా చెప్పదలచినది యిది. వంశమున స్కిజోఫ్రీనియా వంటి చిత్తవిభ్రమ మున్నవారిని ఏ పరిశోధకుడును తన పరీక్షలో చేర్చుకొనడు; వారికి ఈ మందు ఆ వ్యాధిని మేల్కొలుపవచ్చును. లిథియము పుచ్చుకొనుచున్నవారు దీనిని తాకిన మూర్ఛలు వచ్చుట వైద్యులు ఎరిగినదే. ఎల్.ఎస్.డి. పేరిట అమ్ము కాగితపు తునకలలో ఎన్‌బోమ్ అను వేరొక విషము కలిసి మరణములు సంభవించినవి. ఆసుపత్రిలో కొలిచి యిచ్చు మాత్రకును, అంగడిలో దొంగచాటుగా కొను తునకకును పేరు ఒకటే గాని వస్తువు ఒకటి గాదు.

లాభము సంగతియు మరువరాదు. సైలోసైబిన్ పుట్టగొడుగులను మెక్సికోలోని ఓఅహాకా ప్రాంతపు మజతెక్ జాతివారు తరతరములుగా రోగుల కొరకు రాత్రిపూట నియమముతో వాడుచుండిరి. మరియా సబీనా యను వృద్ధవైద్యురాలు 1955లో మన సోమవాది వాసన్‌కు ఆ క్రతువులో చోటిచ్చెను. 1957లో అతడు 'లైఫ్' పత్రికలో వ్రాసెను. పిమ్మట వినోదార్థులు ఆమె గ్రామముపై విరుచుకొనిపడిరి. ఊరివారు ఆమెనే నిందించిరి. ఆమె యిల్లు దగ్ధమయ్యెను. 1958లో హాఫ్‌మన్ ఆ పుట్టగొడుగులనుండి మందును వేరుచేసెను. నేడు బ్రిటిషు కంపెనీ యొకటి దాని స్ఫటికరూపముపై అమెరికాలో పేటెంటు సంపాదించినది. పసుపుపై అమెరికావారిచ్చిన పేటెంటును పోరాడి 1997లో రద్దు చేయించుకొన్న మనకు ఈ కథ క్రొత్తది గాదు.

మన చట్టమున ఎల్.ఎస్.డి. గ్రాములో పదవవంతుండిన వ్యాపార పరిమాణమని లెక్క. శిక్ష పదినుండి యిరువదియేండ్ల కఠిన కారాగారము. 2025 జనవరిలో కేరళ ఉన్నత న్యాయస్థానమువారు ఒక జామీను విషయమున, పుట్టగొడుగు సహజముగా మొలచునదే గాని మిశ్రమము గాదనియు, దాని మొత్తము బరువును మందు బరువుగా లెక్కింపరాదనియు తలచిరి. తూకమునుగూర్చి వాదము సాగుచున్నది గాని రోగినిగూర్చి సాగుట లేదు. అదే చట్టపు ఎనిమిదవ సెక్షను వైద్య, శాస్త్ర ప్రయోజనములను మినహాయించినది. ఆ మినహాయింపును పనికివచ్చునట్లు చేయుటకు క్రొత్త చట్టము అక్కరలేదు. బెంగుళూరి నిమ్హాన్స్ వంటి ప్రభుత్వ సంస్థలకు పరీక్షలు సల్పుటకు అనుజ్ఞయు ధనమును ఇచ్చి, ఫలితములను దాపరికము లేక ప్రకటింపవలసినదని ప్రభుత్వమువారిని కోరుచున్నాము. ఆ పరీక్షలు మందు గుణమునే గాక ఖర్చును గూడ తేల్చవలెను. ఒక్క మాత్రకై రోగి ఆరేడు గంటలు పడకపై నుండవలెను. శిక్షణ పొందినవారు, సామాన్యముగా ఇద్దరు, కదలక కాచియుండవలెను. ముందును వెనుకను పలుమారులు సంభాషింపవలెను. లక్ష జనమునకు ఒక్క మానసిక వైద్యుడైనను లేని దేశమున ఆ యిద్దరిని ఎచ్చటనుండి తెత్తురో, వారి జీతమెవరు భరింతురో ఇప్పుడే అడుగవలసి యున్నది.