ఆటకు కార్డే కావాలా?

"గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు మీద గేములా? ఎడ్లు లేని బండి ఎక్కినట్టే!" అని ఎవరన్నా అంటే మన హాస్టల్లో తల ఊపనివాడు ఉండడు. ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ప్రశ్నించేవాడికి కంప్యూటరు సంగతే తెలియదని ముద్ర వేస్తారు. అయినా ప్రశ్నించక తప్పదు. ఎందుకంటే దాని ఖరీదు పోయేది మన జేబులోంచి కాదు, మన ఇంటివాళ్ల జేబులోంచి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన నస్పూరు, శ్రీరాంపూరు, మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతాల్లో ఆటలాడే విద్యార్థుల్లో ఎక్కువమందికి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసరు సరిపోతుంది. అయితే తెలిసి కొనాలి. తెలియక కొంటే అదీ దండుగే.

ముందుగా ఇదేమిటో చూద్దాం. తెర మీద కదిలే ప్రతి బొమ్మనూ లెక్క కట్టి గీసేది గ్రాఫిక్స్ విభాగం. ఒకప్పుడు అది విడి కార్డు మీదనో, మదర్‌బోర్డు మీదనో ఉండేది. 2006లో ఏఎండీ కంపెనీ, కార్డులు తయారుచేసే ఏటీఐ కంపెనీని కొనేసింది. 2011లో ఇంటెల్ 'శాండీ బ్రిడ్జ్', ఏఎండీ 'లానో' వచ్చాయి. లెక్కలు చేసే భాగం, బొమ్మ గీసే భాగం ఒకే సిలికాన్ ముక్క మీద కాపురం పెట్టాయి. మొదట్లో వాటి మీద ఆటలు అంతంతమాత్రమే. 2018 ఫిబ్రవరిలో రైజెన్ 2200జీ, 2400జీ వచ్చినాక పరిస్థితి మారింది. తర్వాత 2021లో 5600జీ, 2024 జనవరిలో 8700జీ వచ్చాయి. నేను సరిపోతుందంటున్నది ఇట్లాంటి వాటి గురించే. ఇంటెల్ ప్రాసెసర్లలోని యూహెచ్‌డీ 730, 770 గ్రాఫిక్స్ ఆటల్లో వీటికంటే వెనుకే. ఇక ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే లెక్క.

మరి వీటికి చెడ్డపేరు ఎందుకు వచ్చింది? ప్రాసెసరు చేతకానిదై కాదు, దానికి మెమరీ సరిగ్గా అందక. విడి కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. లోపలి గ్రాఫిక్స్‌కు అది లేదు. ప్రాసెసరు వాడుకునే ర్యామ్‌లోంచే తనూ తీసుకోవాలి. ఒకే కాలువ కింద రెండు మళ్లు ఉన్నట్టన్నమాట. కాలువ సన్నగా ఉంటే రెండు మళ్లూ ఎండుతాయి. 3200 వేగం గల డీడీఆర్4 ర్యామ్ ఒక్కటే పెడితే సెకనుకు 25.6 జీబీ సమాచారం పారుతుంది. అదే రెండు పెడితే 51.2 జీబీ. సరిగ్గా రెండింతలు! జీటీఎక్స్ 1650 లాంటి చిన్న కార్డుకైతే తన సొంత మెమరీ నుంచే 128 జీబీ అందుతుంది. మొత్తం కిటుకు ఇక్కడే ఉన్నది.

లోపల ఉండటమే లోపమైతే ప్లేస్టేషన్ సంగతేమిటి? 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లోనూ, 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోనూ విడి కార్డు లేదు. రెండూ ఒకే చిప్పులో ఇమిడి ఉన్నాయి. కాకపోతే ప్లేస్టేషన్ 5లో మెమరీ సెకనుకు 448 జీబీ అందిస్తుంది. కాలువ పెద్దది, పంట పెద్దది. అంతెందుకు, మన మిత్రులు రాత్రి రెండింటిదాకా బీజీఎంఐ ఆడేది దేని మీద? ఫోను మీద. ఆ ఫోనులో కార్డెక్కడున్నది? అప్పుడు గుర్తురాని కార్డు, టేబుల్ మీద డబ్బా పెట్టంగనే ఎందుకు గుర్తొస్తున్నది?

ఇక ఏ ఆట అన్నది అసలు ప్రశ్న. ఎక్కడ చూసినా కనిపించే వాలరెంట్ 2020లో వచ్చింది. దానికి కనీసం ఏం కావాలో తయారుచేసినవాళ్లే చెప్పారు: ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్. అది 2012 నాటి ప్రాసెసర్లలోది! 5600జీ మీద రెండు ర్యాములు పెడితే ఆ ఆట సెకనుకు అరవై బొమ్మలు సునాయాసంగా దాటుతుంది. మైన్‌క్రాఫ్ట్, క్రికెట్ ఆటలు, 2015లో కంప్యూటరుకు వచ్చిన జీటీఏ 5 కూడా అమరికలు కొంచెం తగ్గిస్తే హాయిగా నడుస్తాయి. దుకాణంలో మాత్రం ఈ లెక్క ఎవరూ తీయరు. "అన్నా, గేములు ఆడేటందుకు సిస్టం కావాలె" అంటే, "కార్డు వెయ్యకుంటే గేమింగ్ ఎట్లైతది తమ్మీ?" అనే జవాబు. ఏ గేములు ఆడుతవని అడిగేవాడు అరుదు.

కార్డుకు పాతిక వేలు అనుకుందాం. 2025-26లో పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక కార్డు మూడు క్వింటాళ్ల పత్తి. వానాధారం చెల్కలో ఎకరానికి ఆరేడు క్వింటాళ్లు వస్తే సంతోషించే ఇండ్లు మావి. విత్తనం, ఎరువు, ఏరిన కూలి తీసేస్తే ఒక ఎకరం మిగులు మొత్తం ఆ కార్డులోకే పోతుంది. "బాపూ, చదువుకు కంప్యూటరు కావాలె" అని అడిగి, చదువుకు అక్కరలేని మూడు క్వింటాళ్లను అందులో కలపడం నాకైతే న్యాయంగా తోచదు. గనిలో షిఫ్టు చేసి వచ్చే తండ్రి జీతమైనా అంతే.

మన ప్రాంతానికి ఇంకో లెక్క ఉన్నది. ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీల దగ్గర మాడుతుంది. ఓపెన్‌కాస్టుల దుమ్ము కిటికీలు మూసినా లోపలికి వస్తుంది. కార్డుకుండే రెండు మూడు ఫ్యాన్లు ఆ దుమ్మునే పీల్చి ఒంటికి పట్టిస్తాయి. 5600జీకి కంపెనీ చెప్పే కొలత 65 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డు పెడితే దానికి ఇంకో 170 వాట్లు కలుస్తాయి. రోజుకు నాలుగు గంటలు ఆడితే ఆ కార్డుకే 0.68 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, రోజుకు దాదాపు అరకిలో. ఏడాదికి క్వింటాలున్నర పైమాటే. మన పక్కనే జైపూర్‌లో సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రం ఉన్నది. ఆ కరెంటు వెనుక భూమిలోకి దిగిన మనిషి ఎవరో మనకు వేరే చెప్పాల్నా?

అయితే అవతలి పక్షం మాటలోనూ నిజం లేకపోలేదు. దాన్ని దాచడం అన్యాయం. కొత్తగా వచ్చే బరువైన ఆటలే ఆడతానంటే ఇది పనికిరాదు. 2020 నాటి సైబర్‌పంక్ 2077ను 5600జీ మీద ఆడాలంటే అమరికలన్నీ అట్టడుక్కు దించాలి. దించినా సెకనుకు ముప్పై బొమ్మల చుట్టుపక్కలే. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025లో వచ్చిన డూమ్ - ఈ రెండింటికీ కాంతికిరణాల లెక్క చేసే ప్రత్యేక యంత్రాంగం తప్పనిసరి. 5600జీలో అది లేనే లేదు. పోటీల్లో దిగి సెకనుకు 144 బొమ్మలకు తగ్గొద్దనేవాడికీ, త్రీడీ బొమ్మల పనే వృత్తిగా ఎంచుకున్నవాడికీ కార్డు అవసరమే. ఈ రోజో రేపో కార్డు కొనడం ఖాయమైతే 'జీ' ప్రాసెసరు తీసుకోవడమూ తెలివి కాదు. 5600జీలో మూడో అంచె క్యాష్ మెమరీ 16 ఎంబీ ఉంటే, గ్రాఫిక్స్ లేని 5600లో 32 ఎంబీ ఉంటుంది. 8500జీ అయితే కార్డుకు నాలుగు దారులే వదులుతుంది. అట్లాంటివారు మొదటే ఆ బాట పట్టాలి.

మిగతా మిత్రులకు నా సలహా మూడు మాటలు. ఒకటి: మంచిర్యాలలో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్నా, ర్యామ్ ఒకటే 16 జీబీది కాకుండా ఎనిమిదివి రెండు అడగండి. 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. ధర తగ్గించి చూపడానికి ఎనిమిది జీబీది ఒక్కటే పెట్టి అంటగడితే, ఆ కంప్యూటరు ఆటలో కుంటుతుంది. నింద మాత్రం ప్రాసెసరు మీద పడుతుంది. రెండు: మదర్‌బోర్డులో కార్డు పెట్టే చోటు, దానికి చాలే పవర్ సప్లై చూసుకోండి. రేపు ఉద్యోగం వచ్చినాక సొంత డబ్బుతో కార్డు పెట్టుకోవచ్చు. మూడు: దుకాణం మెట్లు ఎక్కకముందే మీరాడే ఆటల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఆ చీటీలో ఐదు పేర్లుండి, ఐదూ లోపలి గ్రాఫిక్స్ మీద నడిచేవైతే ఇక వాదం దేనికి?

కార్డు ఉంటేనే ఆటగాడు అన్న నిర్వచనం కార్డు అమ్మేవాడిది. మన ఊళ్లలో చెడ్డీ కట్టి కబడ్డీ ఆడినవాణ్ని బూట్లు లేవని బరిలోంచి ఎవరూ వెళ్లగొట్టలేదు. కంప్యూటరు దగ్గర మాత్రం సామాను చూసి మనిషిని కొలవడం దేనికి? మిత్రులారా, ఆడండి, గెలవండి. కానీ కొనేముందు ఒక్కసారి కాలువ ఎంత, మడి ఎంత, ఇంట్లో పంట ఎంత అని లెక్క వేసుకోండి.