రాకెట్ చదువు సరే, పాస్‌పోర్టు సంగతి ఎవరైనా చెప్పారా?

పోయిన సంక్రాంతికి బాపట్ల వెళ్ళినప్పుడు మా అక్కయ్య కొడుకు నన్ను మేడ మీదకి తీసుకెళ్ళి, ఎవరూ వినకుండా ఒక మాట అడిగాడు. "మామయ్యా, అమెరికాలో ఏరోస్పేస్‌లో ఎం.ఎస్. చేస్తాను. నువ్వు చదివిందే కదా! మా నాన్నకి నువ్వు ఒక్క మాట చెబితే ఒప్పుకుంటాడు." వాడు బి.టెక్. నాలుగో సంవత్సరం. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే హాస్టల్లో అందరూ అరుస్తున్నారట, వీడు మాత్రం ఏడ్చాడట. అలాంటి పిల్లవాడు. బావగారు ఇంటి స్థలం తాకట్టు పెట్టి నలభై లక్షలు అప్పు తేవడానికి సిద్ధంగానే ఉన్నారు, నా మాట కోసం చూస్తున్నారు, అంతే.

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. పాతికేళ్ళ క్రితం నాకు ఎవరూ చెప్పని విషయం ఒకటి ఉంది. అది వాడికి చెప్పాలి, చెబితే వాడి మొహం వాడిపోతుంది. ఆ సంగతే ఈ రోజు మీ అందరి ముందూ పెడుతున్నాను.

నేను 1999లో ఎం.ఎస్. కోసం మిడ్‌వెస్ట్‌లోని ఒక యూనివర్సిటీకి వచ్చాను. నా థీసిస్ విషయం ఫ్లట్టర్. గాలి వేగం ఒక హద్దు దాటితే విమానం రెక్క దానంతటదే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఊపు తగ్గాల్సింది పోయి పెరుగుతూ పోతుంది, క్షణాల్లో రెక్క విరిగిపోవచ్చు. 1940లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా వంతెన మెలికలు తిరిగి కూలిపోయిన సినిమా రీలు మీలో చాలామంది చూసే ఉంటారు. అదీ ఇలాంటి వ్యవహారమే. రెండేళ్ళు విండ్ టన్నెల్ పక్కనే కాపురం ఉన్నాను. నా జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు.

2000 అక్టోబరులో మా క్యాంపస్‌లో కెరీర్ ఫెయిర్ జరిగింది. అప్పు తెచ్చిన సూటు వేసుకుని ఒక పెద్ద విమానాల కంపెనీ బల్ల దగ్గర నిలబడ్డాను. అక్కడున్న పెద్దమనిషి నా రెజ్యూమే తీసుకుని, థీసిస్ పేరు చూసి ముచ్చటపడి, మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. ఆ తరువాత అడిగాడు, "మీరు అమెరికా పౌరులా? గ్రీన్ కార్డు ఉందా?" లేదన్నాను. కాగితం తిరిగి నా చేతిలో పెట్టి, "సారీ, మా చేతుల్లో లేదు" అన్నాడు. పోతూ పోతూ విమానం బొమ్మ ఉన్న కీచైన్ ఒకటి ఇచ్చాడు. ఆ రోజు పదకొండు బల్లల దగ్గరకి వెళ్ళాను. పదకొండు చోట్లా అదే ప్రశ్న, అదే జవాబు.

2001లో డిగ్రీ చేతికొచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. పాలసీ ప్రీమియంలు లెక్కకట్టే ప్రోగ్రాములు తొమ్మిదేళ్ళు రాశాను. 2010లో గ్రీన్ కార్డు వచ్చింది. అప్పటికి నా విద్య సగం మర్చిపోయాను. అదృష్టం బాగుండి గాలిమరల రెక్కలు డిజైన్ చేసే చోట పని దొరికింది. ఆ రెక్కలకీ ఫ్లట్టర్ బెడద ఉంది కాబట్టి పాత చదువు కొంత అక్కరకొచ్చింది. నాకు విమానం రెక్క మాత్రం దక్కలేదు.

ఇదంతా ఎందుకని? దీనికి కారణమైన చట్టం పేరు మన ఏరోస్పేస్ కుర్రాళ్ళలో చాలామందికి విమానం దిగాక కానీ తెలియదు. అది ఐటార్. ఆయుధాల ఎగుమతిని అదుపు చేసే 1976 నాటి చట్టం కింద వచ్చిన నిబంధనలు ఇవి. రాకెట్లు, సైనిక విమానాలు, వాటి విడిభాగాలు, వాటికి సంబంధించిన సాంకేతిక సమాచారం అన్నీ ఇందులోకి వస్తాయి. మెలిక ఎక్కడుందంటే, ఎగుమతి అంటే ఓడలో పెట్టి పంపడం ఒక్కటే కాదు. అమెరికాలోనే, పక్క కుర్చీలో కూర్చున్న విదేశీయుడికి డ్రాయింగు చూపించినా అది ఎగుమతే! పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, ఆశ్రయం పొందిన శరణార్థులు తప్ప మిగతా అందరూ ఆ లెక్కలో విదేశీయులే. ఎఫ్-1 వీసా ఉన్నా, హెచ్-1బి వచ్చినా ఒకటే. లైసెన్సు తెచ్చుకుని విదేశీయుణ్ణి పెట్టుకోవడానికి కంపెనీకి దారి ఉంది. కానీ కొత్తగా చదువై వచ్చిన కుర్రాడి కోసం ఆ కాగితాలన్నీ పెట్టి నెలల తరబడి ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుంది?

నేను వచ్చిన 1999లోనే, అప్పటిదాకా వాణిజ్య శాఖ కింద ఉన్న కమర్షియల్ శాటిలైట్లను కూడా అమెరికా కాంగ్రెస్ ఈ ఆయుధాల జాబితాలోకి మార్చింది. 2014లో చాలావాటిని మళ్ళీ వాణిజ్య శాఖకి అప్పగించారు. అంటే కొంత సడలింది. రాకెట్లు మాత్రం ఈనాటికీ ఆయుధాల జాబితాలోనే ఉన్నాయి. నాసాలో నేరుగా ప్రభుత్వోద్యోగం కావాలంటే పౌరసత్వం ఉండి తీరాలి.

మరి యూనివర్సిటీలు ఎలా చేర్చుకుంటున్నాయని అడగవచ్చు. క్లాసులో చెప్పే పాఠానికీ, అందరికీ ప్రచురించే పరిశోధనకీ ఈ నిబంధనలు వర్తించవు. చదువుకి అడ్డులేదు, ఫీజు కట్టడానికి అసలే లేదు, ఉద్యోగం దగ్గరే అడ్డు. విందుకి పిలిచి, విస్తరి వేసి, వడ్డించే వేళకి "మీరు ఏ ఊరి వాళ్ళు?" అని అడిగినట్లుంటుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. నేను అమెరికాని తిట్టడానికి ఇది రాయడం లేదు. మన ఇస్రోలో విదేశీయుడికి ఉద్యోగం ఇస్తారా? ఇవ్వరు. రాకెట్‌కీ క్షిపణికీ తేడా చాలావరకు పైన ఏం పెట్టామన్నదే. 1980 జులైలో శ్రీహరికోట నుంచి రోహిణిని మోసుకెళ్ళిన ఎస్.ఎల్.వి.-3 మొదటి దశనే 1989లో తొలి అగ్ని ప్రయోగానికి వాడారు. ఈ సంగతి తెలిసిన ఏ దేశమూ తన తలుపులు బార్లా తెరిచిపెట్టదు. 1992లో అమెరికా ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది, ఆ మరుసటి ఏడాది రష్యా క్రయోజెనిక్ ఇంజను విద్య ఇస్తానన్న మాట వెనక్కి తీసుకుంది. మనవాళ్ళు సొంతంగా కుస్తీ పట్టి, 2014 జనవరిలో సొంత క్రయోజెనిక్ దశతో జి.ఎస్.ఎల్.వి.ని విజయవంతంగా పంపారు. ఎవరి జాగ్రత్త వాళ్ళది. నా ఫిర్యాదు తలుపు వేసి ఉండడం గురించి కాదు. వేసి ఉందని తెలిసీ మన పిల్లలకి చెప్పని మన గురించి.

మనం ఏం చెబుతున్నాం? 2021 జులైలో బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్ళొచ్చినప్పుడు ఊరూరా సంబరాలు చేసుకున్నాం. అదే ఏడాది నవంబరులో రాజాచారి క్రూ-3 కమాండరుగా వెళితే మా తెలంగాణ బిడ్డ అని మురిసిపోయాం. తప్పేమీ లేదు, గర్వపడాల్సిందే. కానీ ఆమె హ్యూస్టన్‌లో పెరిగి పర్‌డ్యూలో ఏరోస్పేస్ చదివిన అమెరికన్. ఆయన మిల్వాకీలో పుట్టి అమెరికా ఎయిర్‌ఫోర్సులో పనిచేసిన మనిషి. బాపట్లలో కూర్చుని టీవీ చూస్తున్న మా మేనల్లుడికి వాళ్ళ ఇంటిపేరు కనబడుతుంది, పాస్‌పోర్టు కనబడదు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా?

ఆ కుర్రవాడి లెక్క ఒకసారి వేసి చూడండి. చదువయ్యాక ఓపీటీ ఒక సంవత్సరం, పొడిగింపు మరో రెండేళ్ళు, వెరసి మూడేళ్ళు. అతనికి కావలసింది హెచ్-1బి కాదు, గ్రీన్ కార్డు. ఒక్కొక్క దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల భారతీయుల క్యూ ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. దానికి తోడు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అంటూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. నలభై లక్షల అప్పుకి వడ్డీ మాత్రం ఏ క్యూలోనూ ఆగదు. చివరికి ఏమవుతుంది? నాకైనట్లే. రాకెట్లు చదివి డేటాబేసులు రాసుకోవడం. నేను అసిస్టెంట్‌షిప్ మీద చదివాను కాబట్టి అప్పు లేదు, పోయింది కోరిక ఒక్కటే. వాడికి స్థలం కూడా పోతుంది.

మిత్రుడొకరు ఇది చదివి, "అయితే ఎవరూ రావద్దంటావా?" అన్నారు. అలా అనడం లేదు. పిహెచ్.డి. చేసి ప్రచురించే పరిశోధనలో ఉండదలచిన వాళ్ళకి ఇక్కడ చోటుంది. ద్రవగతి శాస్త్రం, కాంపోజిట్ పదార్థాలు, కంట్రోల్స్ నేర్చినవాడు కార్ల కంపెనీలోనో గాలిమరల దగ్గరో బతకగలడు. కానీ ఆ సంగతి తెలిసి రావాలి, కోర్సులు కూడా దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఇంకో దారి కూడా ఉంది. నా రోజుల్లో ఇండియాలో రాకెట్ పని అంటే ఇస్రో, డి.ఆర్.డి.ఓ. తప్ప మరో గుమ్మం లేదు. 2020లో కేంద్రం అంతరిక్ష రంగంలోకి ప్రైవేటు వాళ్ళని రానిచ్చింది. 2022 నవంబరు 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ని శ్రీహరికోట నుంచి పంపింది. అది కక్ష్యలోకి వెళ్ళేది కాదు, దాదాపు 90 కిలోమీటర్లు ఎగిరి సముద్రంలో పడింది. అయినా ఒక ప్రైవేటు భారతీయ కంపెనీ రాకెట్ ఎగరడం అదే మొదలు. గేట్ రాసి బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, ఐ.ఐ.టి.లోనో చేరితే అప్పు చేయడం అటుంచి, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. అలాగని అక్కడంతా పచ్చగా ఉందని కూడా చెప్పను. హైదరాబాదులో బోయింగ్ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయంటే సంతోషమే, కానీ ఎవరో గీసిన బొమ్మ ప్రకారం భాగాలు చేయడం వేరు, బొమ్మ మనం గీయడం వేరు. పేరుకి ఏరోనాటికల్ బ్రాంచి పెట్టి పనిచేసే విండ్ టన్నెల్ ఒక్కటి లేని కాలేజీలను రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ నిలదీయాలి. మంత్రులు ఇక్కడికి పెట్టుబడుల కోసం వచ్చినప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి.

ఇక చివరగా నా ఇంటి సంగతి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. హైస్కూల్లో రాకెట్ క్లబ్బులో చేరతానంటే, "అవన్నీ ఎందుకమ్మా, కంప్యూటర్ సైన్సుకి పనికొచ్చేవి చూసుకో" అన్నాను. నాకు మూసిన తలుపు దానికి పుట్టుకతోనే తెరిచి ఉంది. ఆ గుమ్మంలో నేనే అడ్డంగా నిలబడ్డాను. మన ఇళ్ళల్లో ఇలా అన్న నాన్న నేనొక్కణ్ణే కాదనుకుంటాను. వెళ్ళగలిగిన పిల్లల్ని వద్దంటాం, వెళ్ళలేని పిల్లల్ని అప్పు చేసి రమ్మంటాం. ఇదెక్కడి న్యాయం?

మేనల్లుడికి ఆ రాత్రి అంతా చెప్పాను, కీచైన్ సంగతితో సహా. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నీకెవరైనా ముందే చెప్పి ఉంటే రాకుండా ఉండేవాడివా మామయ్యా?" అని అడిగాడు. వచ్చేవాణ్ణేమో అన్నాను. కానీ తెలిసి వచ్చేవాణ్ణి. వాడు ఇప్పుడు గేట్‌కి చదువుతున్నాడు. అమెరికాలో అసిస్టెంట్‌షిప్ ఇచ్చే పిహెచ్.డి.లకి కూడా దరఖాస్తులు పెట్టాడు. స్థలం కాగితాలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి.

మీ ఊరి నుంచి కూడా ఇలాంటి ఫోను వస్తుంది. మన సంఘాలు విద్యార్థుల కోసం పెట్టే సదస్సుల్లో ఐ-20 గురించి, అపార్టుమెంటు గురించి, బ్యాంకు ఖాతా గురించి చెబుతున్నాం. ఈ ఒక్క ముక్క కూడా కలపండి. అదీ ఇక్కడ దిగాక కాదు, అక్కడ అప్పు కాగితం మీద సంతకం పెట్టకముందే చెప్పండి.