పాత రేకు దింపే ముందు

సరిహద్దు గ్రామాలలో రేకుల ఇల్లు స్లాబు ఇల్లుగా మారుతున్న కాలమిది. హోసూరు, బళ్లారి పరిసరాలైనా, ఒడిశాలోని గజపతి జిల్లా అయినా, యానాం అయినా ఈ మార్పు ఒక్క తీరుగానే సాగుతున్నది. దింపిన పాత రేకులు ఊరకే పోవు. బాగున్నవి పశువుల కొట్టానికో, మోటారు షెడ్డుకో చేరతాయి. పగిలినవి దారి గుంతలు పూడ్చడానికి పనికివస్తాయి. ఏళ్ల తరబడి తలపైన కదలక ఉన్న రేకు చేయని హాని, దానిని దింపే ఒక్క రోజులో జరిగే ప్రమాదమున్నదని చాలా కుటుంబాలకు తెలియదు.

సిమెంటు రేకు అని జనం పిలిచే వస్తువులో సాధారణంగా 8 నుండి 10 శాతం ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రాతి నుండి తీసే ఈ నారనే తెలుగులో రాతినార అన్నారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ ఈ ఖనిజం ఉన్నది. నిప్పుకు కాలదు, నీటికి కుళ్లదు. ఆ గుణమే మనిషికి ముప్పు. రేకు పగిలినా, కోసినా, గీకినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. ఊపిరితిత్తులలో చేరినవి కరగవు. ఆయాసంతో మొదలయ్యే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా వాటి ఫలితాలు. వ్యాధి బయటపడడానికి 20 నుండి 40 ఏళ్లు పట్టవచ్చు. పొగ తాగేవారికి క్యాన్సర్ ముప్పు మరెన్నో రెట్లు అధికం. ఆస్‌బెస్టాస్‌లోని అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది.

ఐరోపా సమాఖ్య 2005 నుండి దీనిని పూర్తిగా నిషేధించింది. తెల్ల ఆస్‌బెస్టాస్‌పై అమెరికా 2024లో నిషేధం ప్రకటించింది. భారతదేశంలో గనుల కొత్త లీజులు ఆగినా, రష్యా వంటి దేశాల నుండి దిగుమతి సాగుతూనే ఉన్నది. కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. పూర్తి నిషేధం కోరిన వ్యాజ్యాన్ని 2011లో కొట్టివేస్తూ, 1995 నాటి ఆదేశాలను అమలు చేయాలని చెప్పింది. ఆ రక్షణ ఫ్యాక్టరీ కార్మికుని కోసం ఉద్దేశించినది. గ్రామంలో రేకు దింపే మేస్త్రీ పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. అతని వెనుక ముక్కలు ఏరే ఇంటి ఇల్లాలి పేరు అసలే ఉండదు.

ప్రభుత్వ లెక్కలు కూడా ఇక్కడ తోడ్పడవు. 2011 జనగణనలో సుమారు 16 శాతం ఇళ్ల కప్పు జి.ఐ., లోహ, ఆస్‌బెస్టాస్ రేకులదని తేలింది. మూడింటినీ ఒకే గడిలో వేసినందున ప్రమాదకరమైనవి ఎన్నో విడదీయలేము. కనుక గుర్తించే భారం ఇంటివారిపైనే పడుతున్నది.

గుర్తించడం కొంతవరకు సులువే. ఇనుప రేకు పలుచన. తడితే మోగుతుంది, అయస్కాంతం అంటుకుంటుంది. సిమెంటు రేకు బూడిద రంగులో, సుమారు 6 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది, అయస్కాంతం అంటదు. రేకుపై ఐ.ఎస్. 459 అనే ముద్ర కనిపిస్తే అది ఆస్‌బెస్టాస్ రేకే. ఆస్‌బెస్టాస్ లేని కొత్త రకం రేకులు కూడా చూపుకు ఇలాగే ఉంటాయి. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో చూస్తే తప్ప ఖాయంగా తేలదు. అందువలన ముద్ర చెరిగిన పాత సిమెంటు రేకును ఆస్‌బెస్టాస్‌గానే భావించడం క్షేమం. పాత వాన నీటి గొట్టాలు, నీళ్ల తొట్లు, సినిమా హాళ్ల సీలింగు పలకలు, మిల్లు బాయిలరుకు చుట్టిన తాళ్లు కూడా ఈ కోవలోకి రావచ్చు.

పగలని రేకును చూసి భయపడి వెంటనే పీకించనక్కరలేదు. దానికి రంధ్రాలు చేయకపోవడం, పాచిని పొడిగా గీకకపోవడం ముఖ్యం. దింపక తప్పనప్పుడు ముందుగా నీటితో బాగా తడపాలి. కట్టరు వాడరాదు. తుప్పు పట్టిన హుక్కు బోల్టులను కోసి, రేకును నిండుగా కిందికి దించాలి, పైనుండి విసరరాదు. ముఖానికి కట్టుకున్న తువాలు ఈ పోగులను ఆపదు. తగిన మాస్కు కావాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. చెత్తను పొడి చీపురుతో ఊడ్వరాదు. పని చేసినవారి బట్టలను ఇంటిలో దులపకుండా, తడిపి విడిగా ఉతకాలి. ముక్కలను తడిపి ప్లాస్టిక్ సంచులలో కట్టాలి. దారిలో పరచిన ముక్క ప్రతి బండి చక్రం కింద నలిగి మళ్లీ ధూళి అవుతుంది.

2018 అక్టోబరులో పలాస వద్ద తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళంతో పాటు గజపతి, గంజాం జిల్లాలనూ దెబ్బతీసింది. అటువంటి గాలివానలో ఎగిరిపడిన రేకుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. పగిలిన రేకులను వేరుగా చేర్చడానికి ఒక స్థలం, మేస్త్రీలకు మాస్కులు, ఇళ్ల వారీగా ఒక జాబితా పంచాయతీ స్థాయిలోనే సాధ్యమైన పనులు. గ్రామసభలో ఈ మాట అడగవలసినది స్లాబు వేసుకోబోతున్న కుటుంబమే. నేడు పీల్చిన ధూళికి లెక్క చెప్పవలసి వచ్చే నాటికి ఆ ఇంటి పిల్లలు నడివయసులో ఉంటారు.