ఆడించేవాడూ ఆటగాడే

మెల్‌బోర్న్ అంటే మనవాళ్లకు క్రికెట్టే గుర్తొస్తుంది. కానీ 1956 డిసెంబరు 1న ఈ నగరంలోనే ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. చివరికి మనకు నాలుగో స్థానం దక్కింది.

ఆ జట్టు కోచ్ మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాడిగా కంటే ఆట నేర్పిన గురువుగానే ఆయన పేరు నిలిచింది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిందంటే ఆయన చలవే. వాటం లేని కాలితోనే బంతి తన్నాలని పోటీలు పెట్టేవారట! 1962లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించిపెట్టి, మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇక్కడ మన పిల్లలు శనివారాలు ఫుట్‌బాల్ ఆడితే మురిసిపోతాం. పెద్దయ్యాక కోచ్ అవుతామంటే మాత్రం మన ముఖాలు మాడిపోతాయి. గొప్ప ఆటగాడు కాలేనివాడు చేసే పని అది అని మన చిన్నచూపు. ఇది నాకు నచ్చదు. నేను సర్జన్‌ని, ఈ చేతులు దిద్దింది గురువులే. వాళ్లలో ఎందరి పేర్లు లోకానికి తెలుసు?

మీ అమ్మాయో అబ్బాయో కోచ్ అవుతామంటే కాదనేముందు రహీం గారిని ఒక్కసారి తలుచుకోండి.