కోటేరు ఎరగని పిల్లలకు

ఏరువాక సాగే జ్యేష్ఠ పున్నమి పొద్దున, ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో ఒక ట్రాక్టరుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఒకప్పుడైతే ఆ పూట ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో మువ్వలు కట్టి, పొంగలి తినిపించి పొలానికి తోలుకెళ్ళేవారు. ఇప్పుడు ఊరంతా గాలించినా అరక కట్టే జత దొరకడం కష్టం. కొబ్బరికాయ ట్రాక్టరు చక్రం ముందే పగిలింది. ఇంజను కదలగానే దానికి తగిలించిన స్పీకరులో పాట అందుకుంది: 'ఏరువాక సాగారో'. స్టీరింగు పట్టిన కుర్రాడికి పాతికేళ్ళుంటాయి. నాగలి మేడి పట్టి ఎరగడు. పాట మాత్రం చరణం చరణానికీ గొంతు కలుపుతున్నాడు.

పక్కన నిలబడి చూస్తున్న బడిపిల్ల ఒకతె "కోటేరు అంటే ఏంటి తాతయ్యా?" అని అడిగింది. ఆయన మాటల్లో చెప్పలేకపోయాడు. కట్టిన నాగలి ముందున్నట్టు, లేని మేడిని ఒక చేత్తో పట్టుకుని, నడుం కాస్త వంచి, ఇసుకనేలలో నాలుగడుగులు నడిచి చూపించాడు. మరి పాటలోని ఎలపట, దాపట? "కుడిపక్క కట్టేది ఎలపటెద్దు, ఎడంపక్కది దాపటెద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే జన్మంతా ఆ పక్కనే నడుస్తుందమ్మా" అన్నాడు. ఆ చివరి ముక్క కోసం నిఘంటువులు తిరగేసి లాభం లేదు. పాట అడిగించింది కనుక ఒక పిల్ల చెవిన పడింది.

డెబ్బై ఏళ్ళు దాటిన పాట ఇది. 'రోజులు మారాయి' 1955 ఏప్రిల్ 14న విడుదలైంది. సారథీ సంస్థ చిత్రం. సి.వి.ఆర్. ప్రసాద్ నిర్మాత, తాపీ చాణక్య దర్శకుడు, అక్కినేని నాగేశ్వరరావు, షావుకారు జానకి నాయికా నాయకులు. పేద రైతులు పెత్తందార్లకు ఎదురు నిలిచే కథ. సంగీతం మాస్టర్ వేణు, గొంతు జిక్కి, రచన కొసరాజు రాఘవయ్య చౌదరి. ఈ ముగ్గురిలో ఎవరు తప్పుకున్నా పాట ఇంతకాలం నిలిచేది కాదు. అయినా ముందు చెప్పుకోవలసింది కొసరాజు గురించే. ఎందుకంటే ఆయన మన నేల మనిషి.

బాపట్ల తాలూకా అప్పాపురంలో 1905లో పుట్టారు. రైతు కుటుంబం. యక్షగానం, జముకుల కథ, వీధి భాగోతం, పొలం పాట, అన్నీ చెవిన పడుతూ పెరిగారు. గూడవల్లి రామబ్రహ్మం 1939లో 'రైతుబిడ్డ' తీస్తూ ఆయన చేత పాటలు రాయించారు. ఆ చిత్రం జమీందార్లకు కంటగింపై నిషేధాన్ని చవిచూసింది. కొసరాజు మళ్ళీ ఊరికి వచ్చేశారు. తిరిగి సినిమా వైపు గట్టిగా అడుగు వేసింది 1954లో, కె.వి. రెడ్డి తీసిన 'పెద్దమనుషులు'తో. మధ్యలో గడిచిన పదిహేనేళ్ళు వృథా పోలేదని మా నమ్మకం. ఆ ఏళ్ళన్నీ పల్లెలో గడిపిన మనిషికి తప్ప ఏరువాక పాట అలా రాయడం సాధ్యం కాదు. రాసేనాటికి ఆయన వయసు యాభైకి చేరువ. పేకాటలో డబ్బు పోగొట్టుకున్నవాడి గోడు 'కులగోత్రాలు'లోనూ, సిగరెట్టు మీద మొగుడూ పెళ్ళాల వాదులాట 'రాముడు భీముడు'లోనూ తరవాత ఆయనే రాశారు. అక్కడా మాట అప్పాపురం మాటే.

పాటను కాగితం మీద పెట్టుకుని నెమ్మదిగా చదివితే అందులో ఒక రైతు దినచర్య వరసగా కనబడుతుంది. ముందు ఇంటి దగ్గర సన్నాహం. విత్తనాల గంప, చద్దిమూట, చేతిలో ముల్లుగర్ర, పక్కన ఇల్లాలు. పాటలో ఇల్లాలు గుమ్మంలో నిలబడి సాగనంపదు, వెంట నడుస్తుంది. సేద్యంలో సగం పని ఆమెదేనని తెలిసిన కవి కనుక ఆమెను ఇంట్లో వదిలిపెట్టలేదు. తరవాత ఆకాశం. పడమటి దిక్కున మబ్బు, మెరుపు, వాగుల పొంగు, బీడు మీద కొత్త చిగురు. అప్పుడు గాని నాగలి కదలదు. కోటేరు సరిచూసుకోవడం, ఎడ్లను ఏ పక్కది ఆ పక్క తోలుకోవడం, సాలు తప్పకుండా దున్నడం, విత్తు చల్లడం. ఒక్క మెట్టు కూడా ముందు వెనకలు కాలేదు. దున్నడం రానివాడు ఈ చరణాలు కంఠతా పట్టి పొలానికి వెళితే పని క్రమం తప్పడు.

అక్కడితో ఆపేసి ఉంటే మంచి జానపద గీతంగా మిగిలేది. కొసరాజు ఆపలేదు. అదే బాణీలో, అదే హుషారులో చూపు పక్కకు తిప్పారు. పొలాలు అమ్ముకుని పట్నంలో మేడలు కట్టేవాళ్ళు, బ్యాంకుల్లో డబ్బు దాచేవాళ్ళు, ప్రజాసేవ అని అరుస్తూ ఒళ్ళు వంచనివాళ్ళు, ఓట్లు తీసుకుని రైతును మరిచిపోయేవాళ్ళు ఒక్కొక్కరుగా వస్తారు. కోపంగా అరవలేదు, కాళ్ళు ఆడుతుండగానే చెప్పేశారు. థియేటరులో కూర్చున్న రైతు నవ్వుతూ విన్నాడు, ఇంటికి పోతూ తలచుకున్నాడు.

ఆ రోజులు కూడా అలాంటివి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరులో ఏర్పడింది. మన ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఏడాది తిరిగేసరికి పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు మొదలయ్యాయి. ఆ వేడి చల్లారకముందే, ఏప్రిల్లో, ఈ సినిమా వచ్చింది. ఓటు అడిగినవాడి ముఖం ఇంకా కళ్ళ ముందే ఉన్న జనానికి ఆ చరణం ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

కొత్తపట్నానికి ఈ కథలో మరికాస్త పాత చుట్టరికం ఉంది. 1937లో ఈ సముద్రపు ఒడ్డునే సోషలిస్టులు వేసవి రాజకీయ పాఠశాల పెట్టారు. భూమి, శిస్తు, కూలి, స్వాతంత్ర్యం అక్కడి పాఠాలు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది, పోలీసులు లాఠీలు ఝళిపించారు. పాఠశాల చెదిరింది గాని పాఠం ఊళ్ళలోకి పాకింది. నిడుబ్రోలులో రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి రైతు విద్యాలయం, ఊరూరా రైతు సంఘాలు, 'రైతుబిడ్డ', 1948 నాటి జమీందారీ రద్దు చట్టం, తరవాత 'రోజులు మారాయి'. ఒక తరం ఆలోచన ఇలా వాగులా సాగి వచ్చింది. ఏరువాక పాట ఆ వాగు నీళ్ళు తాగి పెరిగిందే.

ఇక ఆ పాటకు ఆడిన అమ్మాయి. తండ్రి ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో పెరిగిన వహీదా రెహమాన్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. భరతనాట్యం నేర్చుకుంది. సినిమాలో ఆమెది కథానాయిక పాత్ర కాదు, ఒక్క పాట. ఆ ఒక్క పాటకు జనం ఎగబడ్డారు. హైదరాబాదులో సినిమా విజయ సంబరాలు జరుగుతుండగా అక్కడికి వచ్చిన గురుదత్, ఈ సందడి ఎవరి కోసమని అడిగి ఆమె పేరు తెలుసుకున్నారని ఆమే చెప్పుకున్నారు. 1956లో 'సి.ఐ.డి.', మరుసటి ఏడు 'ప్యాసా'. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దాకా సాగిన ఆ నడకకు మొదటి పెద్ద అడుగు మన దుక్కిపాటలో పడింది.

బాణీ కూడా ఊరు దాటింది. 1956లో సినిమాను 'కాలం మారిపోచ్చు'గా తమిళంలో తీస్తే పాట అక్కడా మోగింది. తరవాత 1960లో వచ్చిన 'బంబయి కా బాబు' కోసం ఎస్.డి. బర్మన్ ఈ వరసను తీసుకున్నారు, ఆశా భోంస్లే పాడారు. బాగుంటుంది. అయితే అది ప్రేమపాట. నాగలి లేదు, విత్తనాల గంప లేదు, ఓట్ల మాట లేదు. విన్నప్పుడల్లా మనకు గుర్తొచ్చేది ఒంగోలు గిత్తే. బ్రెజిల్‌కు వెళ్ళిన మన పశువు అక్కడ 'నెలోర్' అన్న పేరుతో మందలు మందలుగా పెరిగి, ఇక్కడ మాత్రం కనబడటమే అరుదైపోయింది. మన సరుకు ఎక్కడైనా బతుకుతుందన్నది సంతోషమే. దాన్ని పుట్టినచోట కూడా బతికించుకోవాలి.

ఏరువాక పాట వచ్చిన 1955లోనే అమెరికాను ఇంకొక పాట ఊపేసింది. బిల్ హేలీ బృందం పాడిన 'రాక్ అరౌండ్ ద క్లాక్' జూలైలో అక్కడి జాబితాల్లో మొదటి స్థానానికి చేరింది. అంతకుముందు ఏడు విడుదలైనప్పుడు పెద్దగా పట్టించుకోని ఆ పాటను ఒక సినిమా ఎత్తి జనం ముందు పెట్టింది. రాక్ సంగీతమంతా ఆ పాటతోనే మొదలైందన్నట్టు లోకం మాట్లాడుకుంటుంది గాని, దాని వేరు ఇంకా లోతున ఉంది. మిసిసిపి పత్తి చేలలో నల్లజాతి కూలీలు పని బరువు మరవడానికి పాడుకున్న పాటల్లోంచి బ్లూస్ పుట్టింది, బ్లూస్‌లోంచి రాక్ వచ్చింది. అక్కడ పత్తి చేను, ఇక్కడ పత్తి చేను. గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో పత్తి తీసే ఆడవాళ్ళకు, మిరపకాయ కోసే వలస కూలీలకు కూడా పాటలున్నాయి. కొత్తపట్నం ఒడ్డున వల లాగేవాళ్ళకూ ఉన్నాయి. అవి అందుకునేవాడు, బదులిచ్చేవాళ్ళు ఉండే పాటలు. ఒంటి గొంతుతో పని సాగదు. మాస్టర్ వేణు బాణీలో ఆ పిలుపు గుణం ఉంది. జిక్కి పల్లవి ఎత్తుకోగానే వినేవాడి నోరు దానంతటదే బదులు పలుకుతుంది. ఏడు పదుల తరవాత కూడా పెళ్ళి ఊరేగింపులో, బడి వార్షికోత్సవంలో, ట్రాక్టరు మీద ఈ పాట పాతబడకపోవడానికి సంగీతపరంగా మాకు తోచిన కారణం అదే.

మాట పరంగా ఇంకో కారణం ఉంది, అది అంత సంతోషం కలిగించేది కాదు. పొలం వదిలి పట్నం చేరినవాళ్ళ మీది చరణం 1955లో ఎంత నిజమో ఇవాళ అంతకు మించి నిజం. పత్తి, మిర్చి వేసేది చాలాచోట్ల కౌలు రైతు. కౌలు ముందే కట్టాలి, అప్పు బయట తేవాలి, ధర పడిపోతే నష్టం తనదే. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. ఆయన ఉండేది పట్నంలో. సంతకం కోసం తిరిగే మనిషికి ఆ పాట పాత సినిమా పాటలా వినిపించదు. చిన్నన్నా అని పిలిచి తనకే చెబుతున్నట్టు ఉంటుంది. రైతును ఇంత దగ్గరగా, తోడబుట్టినవాడిలా పిలిచిన పాటలు మనకు ఎన్నో లేవు.

ఇప్పుడు ఆ పాట మోస్తున్న బరువు వేరే. కోటేరు, ముల్లుగర్ర, సాలు, ఎలపట, దాపట. వాడుక పోయిన వస్తువుల పేర్లు నోళ్ళలోంచి కూడా పోతాయి. అందమైన ముక్కును కోటేరు వేసినట్టుంది అనే మాట కథల్లో అప్పుడప్పుడు కనబడుతుంది, ఆ కోటేరు ఏమిటో రాసేవాళ్ళకే తెలియని పరిస్థితి. ఒక్క పాటలో ఇన్ని పనిముట్ల పేర్లు పిల్లల నోటికి అందేలా నిలిచి ఉన్నాయి. వాటికి అర్థం చెప్పగలిగినవాళ్ళు డెబ్బైలు, ఎనభైలు దాటారు. కొత్తపట్నంలో ఆ పెద్దాయన నడిచి చూపించిన నాలుగడుగులు చూసి నేర్చుకోవాలి గాని రాతలో పట్టేవి కావు.

మన బడుల్లో ఏరువాక పున్నమికి ఈ పాట ఆడిస్తున్నారు. తలపాగాలు, పంచెలు, అట్టముక్కతో చేసిన నాగలి. ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి ఊళ్ళో అరక తోలిన పెద్దను ఒకరిని ఆ పూట బడికి పిలవండి. పాట పెట్టి, మాట మాటకీ ఆపి, ఆయన చేత చెప్పించండి, చేసి చూపించమనండి. పక్కన ఆయన ఇల్లాలిని కూడా కూర్చోబెట్టండి, విత్తు చల్లిన చెయ్యి ఆమెది. పిల్లల చేత రాయించండి, సెల్‌ఫోనులో తీయండి. వచ్చే ఏటికి వాయిదా వేయవద్దు.