బటన్ పోతే స్టవ్ పోయినట్టేనా?

ఆన్ చేస్తే బీప్ వస్తుంది. డిస్‌ప్లేలో అంకె కూడా వెలుగుతుంది. కానీ ప్లస్ బటన్ ఎంత నొక్కినా చలనం ఉండదు. వేలితో నొక్కి, గోరుతో నొక్కి, చివరికి స్పూన్ వెనకభాగంతో కూడా నొక్కి ‘ఇక దీని పని అయిపోయింది’ అనుకుంటాం. వెంటనే ఫోన్ తీసి కొత్త ఇండక్షన్ స్టవ్ వెతుకుతాం. హాస్టళ్లలో, బ్యాచిలర్ రూముల్లో ఎన్నో స్టవ్‌లు ఇలాగే అటకెక్కుతుంటాయి. చాలాసార్లు పోయింది స్టవ్ కాదు, దాని ముఖం మాత్రమే.

లోపల ఉన్నది రెండు బోర్డులు

ఇండక్షన్ స్టవ్‌లో సాధారణంగా రెండు బోర్డులుంటాయి. పెద్దది పవర్ బోర్డు. 230 వోల్టుల కరెంటు తీసుకుని రాగి కాయిల్‌ను నడిపేది అదే. స్టిక్కర్ వెనక ఉండే చిన్నది కంట్రోల్ ప్యానెల్. బటన్లు, డిస్‌ప్లే ఉండేది దీని మీదే. ఈ రెండింటినీ కలిపేది సన్నటి వైర్ల కట్ట.

ఏది పోయిందో లక్షణాలే చెప్తాయి. ఒకటి రెండు బటన్లే మొరాయిస్తున్నా, అంకెల్లో గీతలు మాయమవుతున్నా అనుమానం ప్యానెల్ మీదే. బటన్లన్నీ బాగున్నాయి, గిన్నె మాత్రం వేడెక్కట్లేదా? ముందు గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే చాలావరకు గిన్నె తప్పు కాదు, పవర్ బోర్డు వైపు చూడాలి. టచ్ మోడల్ అయితే గ్లాస్ మీద తడి తుడిచి, చైల్డ్ లాక్ పడిందేమో చూసుకోండి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

నొక్కితే ‘టిక్’ మనే బటన్లయితే ఇంకా చౌకలో తేలిపోవచ్చు. స్టిక్కర్ కింద చిన్న చిన్న మైక్రో స్విచ్‌లు ఉంటాయి. రిపేర్ షాపులో పాడైనదాన్ని తీసేసి కొత్తది సోల్డర్ చేస్తారు. స్టిక్కర్ చిరిగి ఉంటే అదీ మార్పించండి. నూనె, ఆవిరి, పొంగిన పాలు లోపలికి దిగేది ఆ చిరుగులోంచే.

‘సేమ్ టు సేమ్’ అంటే నమ్మకండి

ప్యానెల్ మార్చాల్సి వస్తే మోడల్ నంబర్ ముఖ్యం. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల చూడ్డానికి ఒకేలా ఉండే బోర్డులు బోలెడు కనిపిస్తాయి. రెండు యాప్‌ల లాగిన్ స్క్రీన్ ఒకేలా ఉన్నంత మాత్రాన వెనక సర్వర్ ఒకటే అవుతుందా? ఇదీ అంతే. కనెక్టర్ సరిగ్గా కూర్చున్నా వైర్ల వరుస వేరు కావచ్చు, లోపలి ప్రోగ్రామ్ వేరు కావచ్చు. తప్పు ప్యానెల్ పెడితే బాగున్న పవర్ బోర్డు కూడా పోయే ప్రమాదం ఉంది.

వీడియో చూసి విప్పేద్దామా?

వద్దు. ‘ప్యానెల్‌కి వచ్చేది 5 వోల్టులే కదా’ అనే ధీమాతోనే దెబ్బ తింటారు. చాలా ఇండక్షన్ స్టవ్‌లలో ఆ 5 వోల్టుల లైన్ మెయిన్స్ నుంచి పూర్తిగా వేరుగా ఉండదు. ప్లగ్ పెట్టి ఉండగా ప్యానెల్‌ని ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. పవర్ బోర్డు మీది కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిల్వ ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా అది కాసేపు మిగిలిపోవచ్చు. రూమ్‌లో ఒక్కరే ఉండి స్క్రూడ్రైవర్ పట్టుకునే పని కాదిది. పైగ్లాస్ పగిలినా అంతే, ఆ స్టవ్ వాడకం వెంటనే ఆపేయండి. పగులులోంచి నీళ్లు దిగితే కరెంటు ఉన్న భాగాలను తాకొచ్చు.

వారంటీ ఉంటే ముందు కంపెనీ సర్వీస్‌కే ఫోన్ చేయండి. కేంద్రం 2022 డిసెంబర్‌లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కంపెనీల సర్వీస్ వివరాలు కూడా చూడొచ్చు. వారంటీలో ఉన్నా పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

కొత్త స్టవ్‌ను కార్ట్‌లో వేసే ముందు, చల్లారిన పాత స్టవ్ ప్లగ్ తీసి, బోర్లించి, మోడల్ నంబర్ ఫొటో తీసుకోండి. షాపులో మూడు ప్రశ్నలు అడగండి. పోయింది ప్యానెలా, పవర్ బోర్డా? ఒక్క స్విచ్ మారిస్తే సరిపోతుందా? తీసేసిన పాత పార్ట్ నా చేతికి ఇస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పే అన్న దొరికితే ఆయన నంబర్ సేవ్ చేసుకోండి. మిక్సీకీ పనికొస్తాడు.