ఎవరికి సహాయకురాలు?

"మీరు ఆడవాళ్లు, మీకు ఓపిక ఎక్కువ. ఈ పిల్లలకు కావలసింది అదే." కరీంనగర్‌లో ఒక శిక్షణ సమావేశంలో ఒక అధికారి ఈ మాట అన్నప్పుడు భవిత కేంద్రాల ఉద్యోగినులెవరూ చప్పట్లు కొట్టలేదు. నా పక్కనున్నామె మెల్లగా, "ఓపికకు ఎంతిస్తరో గూడ జెప్తె మంచిగుండు" అంది.

ఆమె చేసే పనేమిటి? మాట ఆలస్యమైన, మాట తడబడే, వినికిడి లేని పిల్లల చేత పలికించడం. అద్దం ముందు కూర్చోబెట్టి 'ప', 'బ', 'మ'లకు పెదవులు ఎలా కలుస్తాయో చూపించడం. 'క' అనాల్సిన చోట 'త' అనే పిల్లకు నాలుక వెనకభాగం ఎక్కడ తగలాలో నేర్పడం. అంగిలి చీలికకు ఆపరేషన్ అయినా పిల్లవాడి మాట ఇంకా ముక్కులోంచి ఎందుకొస్తోందో గమనించడం. దీన్ని ఓపిక అని పిలిస్తే జీతం ఇవ్వనవసరం లేదు. వంట, పురుడు, రోగి సేవ విషయంలో ఇదివరకే జరిగిన మోసమే ఇది.

అమెరికా బడుల్లో ఈ పనికి స్పీచ్ అసిస్టెంట్లు ఉంటారు. లోపమేమిటో తేల్చేది వారిపైన ఉండే స్పీచ్ పాథాలజిస్టు. అసిస్టెంటు ఆ నిర్ణయం చేయకూడదు, చెప్పిన అభ్యాసాలు చేయించాలి. మన దేశంలోనూ మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ సహాయకుల కోసం ఏడాది డిప్లొమా నడుపుతోంది. కానీ మన మండలాల్లో ఈ పని సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు మీద ఉన్న రిసోర్స్ పర్సన్ నెత్తిన పడుతుంది. ఆమె మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లిన రోజు ఆయా నెత్తిన పడుతుంది. రిసోర్స్ పర్సన్ చదివింది ప్రత్యేక విద్య, వాక్ చికిత్స కాదు. పైన అడగడానికి మనిషి లేదు. మరి ఆమె ఎవరికి సహాయకురాలు? 1992 నాటి పునరావాస మండలి చట్టం, రిజిస్టరులో పేరు లేకుండా పునరావాస వృత్తి చేస్తే ఏడాది దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జుర్మానో, రెండూనో అంటుంది. ఆయా చేత పని చేయించుకునేటప్పుడు రాజ్యానికి ఆ చట్టం గుర్తురాదు.

నిపుణులు లేకపోతే ఏమవుతుందో ఆదిలాబాద్‌లో తెలుస్తుంది. ఉట్నూరు ప్రాంతంలోని ఒక బడిలో 'మాటల లోపం' అని రాసిపెట్టిన ఏడేళ్ల గోండు బాలిక ఇంటి దగ్గర నాయనమ్మతో ఆగకుండా మాట్లాడుతుంటే విన్నాను. లోపం ఆ పిల్లది కాదు, గోండి రాని బడిది. వేరే భాష వేరు, వాగ్లోపం వేరు. ఈ శాస్త్రంలో ఇది మొదటి పాఠం. ఆ పిల్లకు తెలుగు బొమ్మల కార్డులు చూపించి మార్కులు వేశారు. దీనికి తిరగేసిన అన్యాయం కూడా ఉంది. నిజంగా చెవుడున్న కొలాం పిల్లను "వాళ్ల భాష వేరు కదా" అని వదిలేస్తారు. 1940లలోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పథకం గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసి గోండిలో చదువు మొదలుపెట్టింది. ఎనభై ఏళ్ల తర్వాత గోండి వచ్చిన ఒక స్పీచ్ అసిస్టెంటును తయారుచేయడం అంత అసాధ్యమా?

ఆడపిల్ల సంగతి మరీ చిత్రం. మాట్లాడని మగపిల్లవాణ్ణి డాక్టరుకు చూపిస్తారు, మాట్లాడని ఆడపిల్లను అణకువ అంటారు. 2011 జనాభా లెక్కల్లో వాక్ వైకల్యం ఉన్నవారు దాదాపు 20 లక్షలైతే అందులో స్త్రీలు 9 లక్షల లోపే. ఈ తేడాలో జీవశాస్త్రం వాటా కొంత ఉండవచ్చు. అంతా అదే అంటే నేను నమ్మను.

ఇక తల్లులు. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు చాలామంది బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. పిల్లను భవిత కేంద్రానికి తెచ్చిన పూట చాట ఖాళీ. భర్త గల్ఫ్‌లో ఉంటే తోడు వచ్చే మనిషే లేడు. కేంద్రంలో ఆమెకు దొరికే సలహా: "ఇంట్లో పిల్లతో ఎక్కువ మాట్లాడండి." "ముచ్చట పెట్టుకుంట కూసుంటె ఆకెవరు కత్తిరిస్తరు మేడం?" అని ఒకామె నన్ను అడిగింది. సలహా తప్పు కాదు, కానీ ఆ గంట కూలి ఎవరిస్తారు? 2018లో మొదలైన సమగ్ర శిక్ష నిబంధనల్లో వైకల్యం ఉన్న బాలికకు నెలకు 200 రూపాయల స్టైపెండు, అదీ పది నెలలకే. ఇంటికి జీతం లేని అసిస్టెంటు తల్లి, బడికి భద్రత లేని అసిస్టెంటు ఈమె. ఇద్దరినీ ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు చేసుకునేలా నిలబెట్టారు.

ప్రత్యేక ఉపాధ్యాయుల విషయంలో సుప్రీంకోర్టు 2021లో ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు ఉండాలంది, పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మె చేస్తే మన మహిళా సంఘాల నుంచి శిబిరాలకు వెళ్లినవాళ్లెందరు? నేను ఒక్కపూట కూర్చుని వచ్చాను. బడి మాస్టర్ల గొడవ అనుకున్నాం కాబోలు.

మండలానికో స్పీచ్ అసిస్టెంటు శాశ్వత ఉద్యోగం కావాలి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లకే జీతంతో ఏడాది చదువు చెప్పించాలి. ఏజెన్సీ మండలాల్లో గోండి, కొలామి వచ్చిన స్త్రీలకు మొదటి అవకాశం ఇవ్వాలి. వాళ్లపైన జిల్లాకొక నిపుణురాలు ఉండాలి. ఆదిలాబాద్ తల్లి పిల్లను వేసుకుని 300 కిలోమీటర్లు సికింద్రాబాద్ దాకా పోవలసిన అవసరం ఉండకూడదు. పిల్లను తెచ్చిన పూట తల్లి కూలి కట్టివ్వాలి. వచ్చే సమావేశంలో ఆ అధికారి మళ్లీ ఓపిక గురించి మాట్లాడితే, ఈ లెక్కలు ఆయన ముందు పెడదాం.